పద్దెనిమిది అడుగుల ఫౌంటెన్

జువ్విపాడు పురపాలక సంఘం చైర్మన్ చిట్టూరి సోమరాజుగారు చెత్త ఎలా ఎత్తాలో నేర్చుకోవడానికి పన్నెండు రోజులు విదేశాలు వెళ్లి, పౌరసత్వ పరీక్ష ఎలా పెట్టాలో నేర్చుకుని తిరిగొచ్చారు. చెత్త ఎక్కడిదక్కడే ఉంది.

"అక్కడ పరాయివాడు ఉండాలంటే పరీక్ష రాయాలండి," అన్నారు కౌన్సిల్ సమావేశంలో, ఇంకా కోటు విప్పకుండానే. "ఆ దేశం గురించి ప్రశ్నలడుగుతారు. తెలిస్తే ఉండు, తెలీకపోతే నడు. మనూరికేం తక్కువండి? ఎవడు పడితే వాడు రైలు దిగడం, మర్నాటికల్లా మనూరోడైపోవడం!"

కౌన్సిలర్లు బల్లలు చరిచారు. ఒక బల్లకి కాలు విరిగింది. మినిట్స్ పుస్తకంలో దాన్ని హర్షధ్వానాల కింద రాశారు.

వారం తిరక్కుండా కమిషనర్ అవధానిగారి సంతకంతో ఉత్తర్వు గోడలకెక్కింది. అవధానిగారు బదిలీ మీద వచ్చి మూడు నెలలే అయినా, కాగితం మీద ఆయన చెయ్యి తిరిగినంతగా ఆ చుట్టుపక్కల మరెవరి చెయ్యీ తిరగదు. "అన్యప్రాంతముల నుండి వచ్చి ఈ పట్టణమున నివసించుచున్నట్లు భావించబడుచున్న వ్యక్తులందరును పట్టణ పౌరసత్వ అర్హతా పరీక్షకు హాజరు కావలెను. నూటికి ముప్పదియైదు మార్కులు రానివారు ముప్పది దినములలో తమ స్వస్థలమునకు తరలిపోవలెను. వారి పేర్లు రేషను కార్డుల నుండియు, పురపాలక పాఠశాలల నుండియు తొలగించబడును. ఈలోగా అట్టివారు పురపాలక ఆస్తిని తాకరాదు."

ఈ ఆఖరి వాక్యం చదివి నిరంజన్ బెహరా తన చేతులకేసి చూసుకున్నాడు. పంతొమ్మిదేళ్లుగా ఆ చేతులు తాకినదల్లా పురపాలక ఆస్తే.

నిరంజన్ ఒడిశాలోని కేంద్రపడా వైపునించి వచ్చిన ప్లంబరు. జువ్విపాడులో అతన్ని అందరూ నిరంజనం అంటారు. ఊరి నీటి పైపుల నక్షా ఒకప్పుడు ఆఫీసు బీరువాలో ఉండేది, చెదలు తినేశాయి. అప్పటినించీ నక్షా అంటే నిరంజనమే. పైపు ఎక్కడ పగిలిందో కనిపెట్టాలంటే ఇనపకడ్డీ ఒకటి భూమిలోకి దించి, రెండో కొస చెవికి ఆనించి వింటాడు. "ఆయ్, ఇక్కడేనండి," అంటాడు. తవ్వితే అక్కడే ఉంటుంది. ఆ "ఆయ్" అనడంలో గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లు కూడా అతని ముందు దిగదుడుపే.

ఇంత పనిచేసినా, కుళాయి బిగించి లేవగానే ఇంటివాళ్లు కాఫీ గ్లాసు చేతికిచ్చి అడిగేది ఒకటే. "ఏం నిరంజనం, మీ ఊరెప్పుడెళ్తున్నావు?" ఎవరి మనసులోనూ చెడు లేదు, ఊరికే పలకరింపు. నిరంజన్ నవ్వేవాడు. ఆ మాట మాత్రం ఇంటిదాకా వెంట వచ్చేది. కూతురు లిప్సా పుట్టింది ఈ ఊరి ఆసుపత్రిలో, తొమ్మిదో తరగతి చదువుతున్నది ఈ ఊరి మున్సిపల్ హైస్కూల్లో. ఇప్పుడు తండ్రి పరీక్ష తప్పితే ఆ పిల్ల పేరు కొట్టేస్తారు. వచ్చే ఏడు పదో తరగతి ఎక్కడ రాయాలి?

రెండువందల పన్నెండుమంది ఆ పరీక్ష రాశారు. మిఠాయి దుకాణం మార్వాడీలు, సెంట్రింగు పనివాళ్లు, నూడిల్స్ బండి నేపాలీ, వీళ్లతోపాటు సుందరీమణి టీచరు. ఆవిడ పక్క జిల్లా నించి ఈ ఊరికి కోడలుగా వచ్చి నలభై రెండేళ్లయింది. కోడళ్లు వలస కిందికి వస్తారా రారా అని ఆఫీసులో రెండు రోజులు చర్చ జరిగింది. "వచ్చిన మాట వాస్తవము, తిరిగి వెళ్లని మాటయు వాస్తవము. కావున వలసయే," అని కమిషనర్‌గారు తేల్చారు.

ఫలితాల్లో నిరంజన్‌కి ఏడు మార్కులు, టీచరుగారికి తొమ్మిది. మిగతావాళ్లూ అంతంతలోనే ఉన్నారు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ జవాబు పత్రాలు పట్టుకుని కమిషనర్‌గారి గదికి వెళ్లారు. చైర్మన్‌గారు అక్కడే కూర్చుని జీడిపప్పు తింటున్నారు.

"ఒకటో ప్రశ్నేనండి," అన్నాడు నిరంజన్. "పురపాలక ఉద్యానవనంలో ఫౌంటెన్ ఎత్తెంత అని అడిగారండి. ఎనిమిదడుగులు, పన్నెండడుగులు, పద్దెనిమిదడుగులు, ఫౌంటెన్ లేదు. నేను లేదని పెట్టానండి. తప్పన్నారండి."

"తప్పే. సరియైన సమాధానము సి. పద్దెనిమిది అడుగులు."

"అక్కడ ఫౌంటెన్ లేదండి. ఉంటే పైపు నేనే వెయ్యాలి కదండి. వెయ్యలేదండి."

"మూడు పర్యాయములు ప్రారంభోత్సవము జరిగినది. శిలాఫలకములు కలవు."

"ఫలకాలున్నాయండి. బర్రెలు వీపు గోక్కుంటున్నాయండి. చుట్టూ చెత్తేనండి."

కమిషనర్‌గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అజ్ఞానాన్ని చూసినప్పుడల్లా ఆయన కళ్లజోడు మసకబారుతుంది. "చూడవోయ్. నీవు చూచినది నీ వ్యక్తిగత అభిప్రాయము. వార్షిక నివేదికలో ఉన్నది వాస్తవము. నీ కళ్లు రికార్డు కాదు. పట్టణమునకు రోజుకు ఇరువది నాలుగు గంటలు నీటి సరఫరా, వీధికుక్కల సంఖ్య శూన్యము. ఇవన్నియు అచ్చులో ఉన్నవి. పౌరుడనగా ఎవరు? అచ్చులో ఉన్నదానిని విశ్వసించువాడు."

ఆ మాట పూర్తవుతుండగానే కిటికీ కింద రెండు కుక్కలు కరుచుకున్నాయి. కమిషనర్‌గారు కిటికీ మూయించారు.

సుందరీమణి టీచరు చైర్మన్‌గారి వైపు తిరిగింది. ఆయనకి ఒకటో తరగతిలో పలక మీద అక్షరాలు దిద్దించింది ఆవిడే. "ఒరే సోమరాజూ, లేచి నిలబడు."

చైర్మన్‌గారు అలవాటు కొద్దీ లేచి నిలబడ్డారు.

"పార్కులో ఫౌంటెన్ ఎత్తెంతరా?"

"పార్కులో ఫౌంటెనెక్కడుంది మేడం?" అనేసి నాలిక కరుచుకున్నారు సోమరాజుగారు.

"నాకు తొమ్మిదొచ్చాయి. నీకు తొమ్మిదీ రావు. ముందు నువ్వు రాసి పాసవ్వు, తరవాత మమ్మల్ని పంపుదువుగాని."

పదిమంది గుమాస్తాలు వింటుండగా జరిగిన ఈ అవమానం చైర్మన్‌గారు తట్టుకోలేకపోయారు. "నేనే కాదు, ఊరు ఊరంతా రాస్తుంది!" అని అరిచారు. "ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగినోళ్లం. కళ్లు మూసుకుని పాసవుతాం!"

నిజంగా కళ్లు మూసుకుని రాసి ఉంటే పాసయ్యేవారే. కర్మకాలి అందరూ తెరుచుకుని రాశారు.

కొత్త ఉత్తర్వు వచ్చింది. ఫలానా ఆదివారం నాడు ఊరి పొలిమేరల లోపల ఉన్న, పెన్సిలు పట్టగల ప్రతి మనిషీ పరీక్ష రాయాల్సిందే. అందరూ ఒకేసారి పట్టరు కాబట్టి స్కూళ్లతోపాటు కల్యాణ మండపాలూ రైసుమిల్లులూ కూడా పరీక్షా కేంద్రాలయ్యాయి. ఆఫీసు వాళ్లు నూరు ప్రశ్నలతో చిన్న పుస్తకం అచ్చేసి ఇంటింటికీ పంచారు. అట్ట మీద రంగుల ఫౌంటెన్ బొమ్మ, వెనక పేజీలో జవాబులు. ఊళ్లోవాళ్లు దాన్ని తెరవలేదు. "మనూరి గురించి మనం చదవడవేంటండీ, నామోషీ!" అని ఆ కాగితాల్లో పకోడీలు కట్టుకున్నారు.

చదివినవాళ్ల గతి మరోలా అయింది. పుస్తకం పంచిన మూడో రోజుకి ఊళ్లో ఎనిమిది కోచింగ్ సెంటర్లు లేచాయి. గ్రాండ్ టెస్టులు, ర్యాంకులు, ర్యాంకర్ల ఫొటోలతో ఫ్లెక్సీలు. ఎనిమిదింటికీ మెటీరియల్ రాసింది రిటైరైన లెక్కల మాస్టారొక్కరే. ఆయన నిక్కచ్చి మనిషి. జవాబుల పేజీ చూడగానే తల పట్టుకుని, "అన్నీ అచ్చుతప్పులే!" అని ఎర్రసిరాతో నూటికి తొంభై రెండు దిద్దేశారు. మార్వాడీలూ సెంట్రింగు పనివాళ్లూ ఆ దిద్దిన జవాబులు రాత్రింబవళ్లు బట్టీపట్టారు.

సరిగ్గా పరీక్షకి రెండు రోజుల ముందు నిరంజన్ బావమరిది బైధర్ ఒడిశానించి దిగాడు. అక్కని చూసి పది రోజులుండి పోదామని వచ్చిన మనిషి, తిరుగు టిక్కెట్టు కూడా జేబులోనే ఉంది. వాళ్ల ఊళ్లో రసగుల్లాలు చేస్తాడు. తెలుగులో ఒక్క ముక్క రాదు, ఊరు చూడలేదు. కానీ ఉత్తర్వు ఉత్తర్వే, ఆదివారం నాడు పొలిమేరలోపలే ఉన్నాడు కాబట్టి రాసి తీరాలి. లిప్సా మేనమామకి ఆ చిన్న పుస్తకం వెనక పేజీ ఇచ్చి, "ఇవి వరసగా గుర్తుపెట్టుకో మామా, చాలు," అంది. బైధర్ ఆ అక్షరాలకి తమ ఊరి భజన బాణీ ఒకటి కట్టాడు. సి, సి, ఎ, సి, బి, సి అంటూ రెండు రోజులు ఇల్లంతా మార్మోగింది.

పరీక్ష నాటి పొద్దున నిరంజన్ భార్య సుభద్ర మొగుడికి అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఫౌంటెన్ ఉందని పెట్టు," అంది. "వాళ్లు ఉందంటే ఉందను. ఉందన్నంత మాత్రాన నువ్వు దాంట్లో స్నానం చెయ్యాలా? పిల్ల చదువు కావాలో, నీ నిజం కావాలో ఆలోచించుకో."

"సరే, సి పెడతాను," అన్నాడు నిరంజన్.

"నా మీద ఒట్టు?"

"ఒట్టు."

తీరా హాల్లో కూర్చుని ఒకటో ప్రశ్న దగ్గర పెన్సిలు సి మీద పెట్టాడు. పైపు లేకుండా నీళ్లు పద్దెనిమిదడుగులు ఎలా ఎగురుతాయన్నది పట్టుకుంది. ఏ మెయిన్ నించి లాగుతారు? నాజిలు ఎంతది? ప్రెజరు ఎక్కణ్ణుంచొస్తుంది? అబద్ధమాడడం అతనికి కొత్తేం కాదు. రేపొస్తానని చెప్పి వారం తర్వాత వెళ్లిన ఇళ్లు బోలెడు. కానీ పైపుల విషయంలో మాత్రం ఆ చెయ్యి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు, ఇప్పుడూ చెప్పనంది. పెన్సిలు డి మీదికి జరిగింది. మిగతా ప్రశ్నలకీ అదే వరస. ఇంటికొచ్చి సుభద్ర మొహం చూడలేక పెరట్లో లీకేజీ లేని కుళాయికి టేపు చుడుతూ కూర్చున్నాడు.

ఫలితాలు నోటీసు బోర్డుకెక్కాయి. పరీక్ష రాసినవారు ముప్పయ్యెనిమిది వేల నాలుగువందల పదకొండు. ఉత్తీర్ణులు ఒక్కరు. నూటికి నూరు మార్కులతో బైధర్ సాహు.

చైర్మన్‌గారికి ఆరు మార్కులు.

నిరంజన్‌కి ఈసారీ ఏడే. సుభద్ర రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడోరోజు ట్రంకుపెట్టె కిందికి దించి, లిప్సా పుస్తకాలు ఒక్కొక్కటే సర్దుతూ ఏడ్చింది. "పోయేది కేంద్రపడాకే కదే," అన్నాడు నిరంజన్ ఓదార్పుగా. "పిల్లకి కేంద్రపడాలో ఎవరు తెలుసు? నీకు మాత్రం ఎవరు తెలుసు?" అందావిడ. అతను పెట్టెకి కట్టే తాడు వెతకడానికి లేచాడు.

ఊరందరికీ నోటీసులు బట్వాడా అయ్యాయి. చైర్మన్‌గారికి వచ్చిన దాంట్లో ఇలా ఉంది: "మీరు ఈ పట్టణ పౌరులు కారని తేలినందున, ముప్పది దినములలో జువ్విపాడు పట్టణమును విడిచి మీ స్వస్థలమైన జువ్విపాడునకు తరలిపోవలెను." ఆయన అది పట్టుకుని పరుగెత్తుకెళ్తే కమిషనర్‌గారు తాపీగా, "ఇందులో ఇబ్బంది ఏమున్నది? ముందు వెళ్లిపొండి, పిమ్మట రండి," అన్నారు. భయస్తులు కొందరు పెట్టేబేడాతో బస్సెక్కి, పొలిమేర రాయి దాటాక దిగి, ఎదురుబస్సులో తిరిగొచ్చి, వెళ్లినట్టు రసీదు చూపించారు. తిరిగొచ్చారు కాబట్టి వాళ్లని కొత్త వలసదారుల కింద రాసుకున్నారు.

కమిషనర్‌గారు మాత్రం పరీక్ష రాయలేదు. ప్రశ్నపత్రం తయారుచేసినవారు పరీక్షకు అనర్హులని ఆయనే రూలు పెట్టారు.

ఇక బైధర్ అవస్థ చూడాలి. పదో రోజున సంచీ భుజాన వేసుకుని స్టేషనుకి బయల్దేరితే ఇద్దరు బంట్రోతులు అడ్డం పడ్డారు. పట్టణ జనాభా అధికారికంగా ఒకటి. ఆ ఒకటీ రైలెక్కితే సున్నా. జనాభా లేని పురపాలక సంఘానికి నిధులు రావు, కమిషనర్ పోస్టే ఎగిరిపోతుంది. "పట్టణము యావత్తు ఒకేసారి ఊరు విడిచి వెళ్లుట నిషిద్ధము," అని ఉత్తర్వు జారీ అయింది. ఊళ్లో ఉన్న ఇరవై ఆరు రేషను షాపుల బియ్యమూ బైధర్ గుమ్మంలో దింపారు. శాలువా కప్పారు.

బైధర్ ఆ బస్తాల మధ్య కూర్చుని బావతో ఒడియాలో మొర పెట్టుకున్నాడు. "ఎలాగూ పోనివ్వరు. కనీసం పుస్తకం అట్ట మీదున్న ఆ ఫౌంటెన్ దగ్గర కాసేపు కూర్చుంటానని చెప్పు బావా. నాకు మొదటి మార్కు తెచ్చింది అదేగా."

నిరంజన్ ఆ కోరిక తు.చ. తప్పకుండా తెలుగులో కమిషనర్‌గారికి విన్నవించాడు. కమిషనర్‌గారి మొహంలో నెత్తురుచుక్క లేదు. పౌరుల వినతిని ఏడు రోజుల్లో పరిష్కరించాలని పౌరసేవా పత్రంలో ఉంది. ఇప్పుడు నూటికి నూరుశాతం పౌరులు ఒకే కోరిక కోరారు. దానికితోడు, నూరు మార్కుల పౌరుణ్ణి ఫౌంటెన్ దగ్గరే సన్మానించడానికి శుక్రవారం కలెక్టరుగారు వస్తున్నట్టు కబురొచ్చింది.

"నాలుగు రోజుల్లో ఫౌంటెన్ కట్టించాలి," అన్నారు కమిషనర్‌గారు, మొదటిసారి మామూలు తెలుగులో. "నిరంజనం, మెయిన్ పైపు ఎక్కడుందో నీకే తెలుసు కదయ్యా!"

"ఆయ్, తెలుసండి. కానీ పురపాలక ఆస్తిని నేను తాకకూడదు కదండి. మీరే రాశారండి."

తాకగలిగిన పౌరుడు ఒక్కడే. అందుకని పార్కు స్థలం చుట్టూ సున్నంతో గీత గీశారు. గీతకి ఇవతల కుర్చీ వేసుకుని నిరంజన్, అవతల చెత్తలో మోకాళ్ల లోతున దిగి చేతిలో పైపు రెంచితో బైధర్. "కుడికి తిప్పు, ఇంకా, ఇంకా, అరే పాకం కాదురా అది, గట్టిగా పట్టు!" అని నిరంజన్ కేకలు. రసగుల్లాలు చుట్టిన చెయ్యి మూడు రోజుల్లోనే పొక్కులెక్కింది. ట్యాంకు నిండాలని రెండు రోజులు ఊరి కుళాయిలన్నీ కట్టేశారు. పైపు నిలబడింది. మిగిలింది మెయిన్ మీద గేటువాల్వు తిప్పడం ఒక్కటే.

శుక్రవారం పొద్దున్నే ఊరు ఊరంతా పార్కు దగ్గర చేరింది. సన్మానం చూడ్డానికి కాదు, బిందెలు పట్టుకుని. రెండు రోజులుగా నీళ్లు లేవు, నీళ్లు ఇక్కడ ఎగురుతాయని తెలిసింది. చైర్మన్‌గారు కూడా స్టీలు బిందెతో వచ్చారు. కమిషనర్‌గారు ఆయన్ని చూడనట్టు నటించారు.

కలెక్టరుగారి కారు వంతెన దాటిందని ఫోనొచ్చింది. "తిప్పవయ్యా!" అన్నారు కమిషనర్‌గారు. బైధర్ తిప్పాడు. వాల్వు కదల్లేదు. వేళ్లాడాడు. వాల్వు మీద కూర్చున్నాడు. ఆ వాల్వు పాతకాలం నాటిది, దాన్ని ముందు అరచుట్టు ఎడమకి వెనక్కి తిప్పి, ఒక దెబ్బ కొట్టి, అప్పుడు కుడికి తిప్పాలి. ఆ కిటుకు తెలిసిన చెయ్యి ఊళ్లో ఒక్కటే ఉంది, అది గీతకి ఇవతల ఉంది.

"నిరంజనం, గీత దాటు," అన్నారు కమిషనర్‌గారు.

"నేనీ ఊరివాణ్ణి కాదండి."

"నేను చెబుతున్నాగా!"

"మీ మాట రికార్డు కాదు కదండి," అన్నాడు నిరంజన్ ఎంతో వినయంగా. "కాగితం ఉండాలండి."

సైరను వినపడుతోంది. కమిషనర్‌గారు సన్మానపత్రం తిరగేసి గబగబా రాశారు. "నిరంజన్ బెహరా ఈ ఊరివాడని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

నిరంజన్ చదువుకున్నాడు. మళ్లీ చదువుకున్నాడు. పంతొమ్మిదేళ్లలో ఆ ముక్క అతనితో ఎవరూ అనలేదు. సుభద్ర రెండు బిందెలతో జనంలో నిలబడి ఉంది, పక్కన లిప్సా. వాళ్ల వెనక సుందరీమణి టీచరు, మార్వాడీలు, నూడిల్స్ బండివాడు, పుట్టి పెరిగిన ముప్పయ్యెనిమిది వేలమంది, అందరి చేతుల్లోనూ ఖాళీ బిందెలు.

"వీళ్ల సంగతేంటండి?" అన్నాడు.

"వీళ్లెందుకు ఇప్పుడు?"

"వీళ్లు ఊరివాళ్లు కాకపోతే నేనెవరి కుళాయిలు బాగుచెయ్యాలండి?"

సైరను మలుపు తిరిగింది. కమిషనర్‌గారు చెమట తుడుచుకుంటూ కింద ఇంకో వాక్యం చేర్చారు: "ఇతడును, బిందెలతో ఇచట నిలబడియున్న వారందరును." ముద్ర వేశారు.

నిరంజన్ గీత దాటాడు. అరచుట్టు వెనక్కి తిప్పాడు, ఒక దెబ్బ కొట్టాడు, కుడికి తిప్పాడు. చెత్తకుప్ప నడిమధ్య నించి నీళ్లు బుస్సున లేచి, పైకి లేచి, ఇంకా పైకి లేచి, అప్పుడే కారు దిగిన కలెక్టరుగారిని నెత్తి నించి పాదాలదాకా తడిపేశాయి. ఊరంతా కేకలేస్తూ బిందెలు చాపింది. చైర్మన్‌గారు టీచరుగారి బిందె కూడా తానే పట్టారు. కలెక్టరుగారు మొహం తుడుచుకుని పైకి చూసి, "ఎత్తెంత ఉంటుందండీ?" అన్నారు.

"పద్దెనిమిది..." అని కమిషనర్‌గారు మొదలుపెట్టారు.

"ఇరవై రెండండి," అన్నాడు నిరంజన్. "రికార్డులో దిద్దుకోండి."

ఆ సాయంత్రం పరీక్ష రద్దయింది. జనాభా మళ్లీ ముప్పయ్యెనిమిది వేలు దాటింది కాబట్టి బైధర్‌ని రైలెక్కనిచ్చారు. శాలువా తీసుకెళ్లాడు, బియ్యం వదిలేశాడు. సుభద్ర ట్రంకుపెట్టె మళ్లీ అటక మీదికెక్కించింది.

మర్నాడు పొద్దున సైకిలుకి ఇనపకడ్డీ కట్టుకుని పోతున్న నిరంజన్‌కి చైర్మన్‌గారు ఎదురుపడి, అలవాటు కొద్దీ పలకరించారు.

"ఏం నిరంజనం, మీ ఊరెప్పుడెళ్తున్నావు?"

నిరంజన్ సైకిలు ఆపకుండానే జవాబిచ్చాడు.

"ఆయ్, మా ఊళ్లోనే తిరుగుతున్నానండి. పద్నాలుగో వార్డులో పైపు పగిలిందంట."

సోమరాజుగారు ఒక్క క్షణం ఆలోచించి, పంచె పైకి ఎగ్గట్టుకుని, సైకిలు వెనక నడిచారు. పద్నాలుగో వార్డు ఎక్కడుందో ఆయన కూడా ఒకసారి చూద్దామనుకున్నారు.